కడుపులోని బిడ్డకు ఏది ముప్పు, ఏది కాదు: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గర్భిణులవి, వారి ఇంటివారివి. వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. చదువుతున్నంతసేపూ ఒక సంగతి నన్ను కలవరపెట్టింది. భయపడనవసరం లేని వాటికి మన ఇళ్లల్లో ఎంతగానో భయపడుతున్నారు. నిజంగా భయపడవలసిన వాటిని మాత్రం ‘అందరికీ ఉండేదే’ అని వదిలేస్తున్నారు. రాసినవారి పేర్లు, ఊర్లు ఇవ్వడం లేదు. వారాల లెక్క చెప్పిన చోటల్లా చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కించినట్టు గ్రహించగలరు.

ప్రశ్న: మాది మునుగోడు దగ్గరి పల్లె. మా అత్తగారికి ఫ్లోరైడ్ వల్ల మోకాళ్లు వంగిపోయాయి, మా ఆయన పళ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. నాకిప్పుడు మూడో నెల. తాగడానికి భగీరథ నల్లా నీళ్లు పట్టుకుంటున్నాము కానీ వంటకు, చాయ్‌కి ఇంటి బోరు నీళ్లే వాడుతున్నాము. నల్లా రాని రోజు ఆ బోరు నీళ్లనే బాగా మరిగించి, చల్లార్చి తాగుతున్నాను. నా బిడ్డ వంకర కాళ్లతో పుడుతుందా?

జవాబు: అలా పుడుతుందన్న భయం పెట్టుకోకండి. ఎముకలు వంగేటంతటి ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగిన వారికి వచ్చేది. తొమ్మిది నెలల్లో కడుపులోని బిడ్డకు రాదు. అయితే మీరు చేస్తున్న రెండు పనులను మాత్రం ఈ రోజే మార్చుకోవాలి.

మొదటిది మరిగించడం. మరిగిస్తే క్రిములు చస్తాయి తప్ప ఫ్లోరైడ్ ఎటూ పోదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిని పొయ్యి మీద పెట్టారనుకోండి. లీటరు నీళ్లు ముప్పావు లీటరుకు వచ్చేసరికి ఆ 3 మిల్లీగ్రాములూ ముప్పావు లీటరులోనే ఉంటాయి, అంటే అది లీటరుకు 4 మిల్లీగ్రాముల నీరవుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేని చోట గరిష్ఠంగా 1.5 వరకు ఒప్పుకుంటారు. రెండోది వంట నీళ్లు. అన్నం, పప్పు తాము ఉడికిన నీటిని పీల్చుకుంటాయి కాబట్టి తాగునీరు మార్చి వంటనీరు మార్చకపోతే చేసిన జాగ్రత్తలో సగం వృథా అయినట్టే. మా దగ్గరికి వచ్చే గర్భిణుల్లో చాలామంది ‘నల్లా నీళ్లే తాగుతున్నాం మేడమ్’ అంటారు, అన్నం దేనితో వండుతున్నారని అడిగితే గానీ అసలు సంగతి బయటికి రాదు.

ఇక బిడ్డ సంగతి. తల్లి రక్తంలోని ఫ్లోరైడ్ మావిని దాటి బిడ్డకు చేరుతుందన్నది రుజువైన విషయం. పాలపళ్ల పైపొర తయారీ నాలుగో నెలలోనే చిగుళ్ల లోపల మొదలవుతుంది. మెక్సికో తల్లుల మీద జరిపి 2017లో, కెనడా తల్లుల మీద జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనాల్లో, గర్భిణి మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నప్పుడు పిల్లల తెలివితేటల కొలతలు కొంత తక్కువగా కనిపించాయి. వాటి మీద శాస్త్రవేత్తల మధ్య వాదం నడుస్తూనే ఉంది గానీ, మంచినీళ్లు అందుబాటులో ఉన్నప్పుడు ఆ వాదం తేలేదాకా ఆగవలసిన అవసరం మీకు లేదు. నన్ను అంతకంటే ఎక్కువ ఆందోళనపరిచేది రక్తహీనత. ఎక్కువైన ఫ్లోరైడ్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది, అప్పుడు తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఢిల్లీలో డాక్టర్ ఎ.కె. సుశీల బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో, గర్భిణులకు ఫ్లోరైడ్ ఉన్న నీటిని, ఆహారాన్ని మాన్పించి పోషకాహారం తినిపించినప్పుడు రక్తం పెరిగింది, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు. ఎన్ని మాత్రలు మింగినా రక్తం పెరగని గర్భిణి మన మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల నుంచి వస్తే, నేను మాత్రలు మార్చేకంటే ముందు ఆ ఇంటి నీళ్ల గురించి అడుగుతాను.

కాబట్టి తాగడానికి, వండడానికి, చాయ్‌కి నల్లా నీళ్లే వాడండి. నల్లా రాని రోజు కోసం మూత ఉన్న బిందెల్లో ముందుగానే నిల్వ పెట్టుకోండి. మామూలు క్యాండిల్ ఫిల్టరు ఫ్లోరైడ్‌ను తీయలేదు, ఆర్‌వో యంత్రం తీస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు. అంతటి పేరున్న ఈ జిల్లాలో ఒక గర్భిణి బోరు నీళ్లు మరిగించి తాగవలసి రావడం బాధ కలిగించే విషయం. చాయ్ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కనుక రోజుకు ఒక కప్పుతో ఆపండి. బిడ్డ పుట్టాక ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీరు కూడా వద్దు. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. బయటికి కనిపించే శాశ్వత దంతాల పైపొర పుట్టిన తర్వాతి మొదటి మూడు నాలుగేళ్లలో తయారవుతుంది కాబట్టి, మీ ఆయన పళ్ల మీది చారలు మీ బిడ్డకు రాకుండా ఆపగలిగేది ఆ వయసులో మీరు పట్టే నీళ్లే.

ప్రశ్న: మాది వనపర్తి జిల్లా. నాకు ఐదో నెల ఉండగా గ్రహణం రోజు తెలియక కూరగాయలు తరిగాను. అప్పటి నుంచి బిడ్డకు మొర్రి వస్తుందని ఇంట్లో అందరూ అంటున్నారు. టిఫా స్కాన్‌లో పెదవి బాగానే ఉందని చెప్పారు. అయినా నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, బిడ్డ పై పెదవి ఒక్క ముక్కగా పుట్టదు. ముఖానికి రెండు పక్కల నుంచి, ముక్కు కింది మధ్య భాగం నుంచి పెరిగిన కండ దగ్గరికి చేరి అతుక్కుంటే పెదవి అవుతుంది. ఇది తొమ్మిదో వారానికల్లా పూర్తవుతుంది, అప్పటికి పిండం పొడవు రెండు సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. అంగిలి పన్నెండో వారానికి మూసుకుంటుంది. మీరు కత్తిపీట ముందు కూర్చున్న నాటికి మీ బిడ్డ పెదవి అతికి రెండు నెలలు దాటింది. అతికిన పెదవిని గ్రహణం గానీ, మీ చేతిలోని కత్తి గానీ విడదీయలేవు. స్కాన్‌లోనూ బాగుందన్నారు, ఇక నిశ్చింతగా నిద్రపోండి.

మొర్రికి నిజమైన కారణాలు వేరు: వంశంలో ఆ లోపం ఉండటం, తొలి వారాల్లో పొగ, మద్యం, అదుపులో లేని మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని రకాల మందులు. (మూర్ఛ మందు వాడుతున్నవారు ఇది చదివి తమంతట తాము ఆపేయకూడదు. గర్భం కావాలనుకున్నప్పుడే డాక్టరుతో చెప్పి తగిన మందుకు మార్పించుకోవాలి.) మొర్రితో పుట్టిన బిడ్డకు కూడా మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవికి, ఏడాది అటూ ఇటూగా అంగిలికి ఆపరేషన్ చేసి సరిచేస్తారు. గ్రహణం పేరుతో గర్భిణిని గంటల తరబడి చీకటి గదిలో తిండి, నీరు లేకుండా ఉంచడం మాత్రం నేను ఒప్పుకోను. ఎండాకాలంలో, అందులోనూ షుగర్ ఉన్న గర్భిణికి, అది హాని చేస్తుంది.

ఈ ఉత్తరం సందర్భంగా కొత్తగా పెళ్లయిన వారికి ఒక మాట. బిడ్డ మెదడుగా, వెన్నుపాముగా మారే నాళం ఆరో వారానికే మూసుకుంటుంది. ఇరవై రెండో రోజు నుంచే కొట్టుకోవడం మొదలుపెట్టిన గుండె ఆ వారంలోనే స్కాన్‌లో కనిపిస్తుంది. (గర్భం కట్టిన నాటి నుంచి ఇరవై రెండో రోజు అని ఇక్కడ అర్థం.) నెల తప్పిందని గుర్తించి, ఇంట్లో చెప్పి, దవాఖానకు వచ్చేసరికి చాలామందికి రెండో నెల నిండుతుంది. అప్పుడు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెన్ను విషయంలో ఆలస్యంగా వచ్చిన మాత్రే. అందుకే పిల్లలు కావాలనుకున్న నెల నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టాలి. ఇదివరకు వెన్ను లోపంతో బిడ్డ పుట్టి ఉంటే మోతాదు చాలా ఎక్కువ కావాలి, అది డాక్టరు రాసివ్వాలి.

ప్రశ్న: దేవరకొండ దగ్గర మా ఊరు. నన్ను సొంత మేనమామకిచ్చి చేశారు. మొదటి బాబు ఎనిమిదో నెల నుంచి పాలిపోతూ వచ్చాడు. తలసీమియా అన్నారు, నెలనెలా రక్తం ఎక్కిస్తున్నాము. ఇప్పుడు నాకు మళ్ళీ ఎనిమిది వారాలు. ఒకరికి వచ్చింది కనుక రెండోవారికి రాదని మా అమ్మ అంటోంది. అత్తగారైన మా అమ్మమ్మేమో లోపం నా ఒంట్లోనే ఉందంటోంది.

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ‘ఎనిమిది వారాలు’ అన్న మాట. మీకు సమయం ఉంది, కానీ ఎక్కువ లేదు.

తలసీమియా రావాలంటే బిడ్డకు తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు అందాలి. మీ బాబుకు వచ్చిందంటే మీ ఇద్దరిలోనూ ఒక్కొక్కటి ఉన్నట్టే, ఒక్కటే ఉంది కాబట్టి మీకు జబ్బు లేదు. ప్రతి గర్భంలోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, మీలాగే లోపాన్ని మోస్తూ ఆరోగ్యంగా ఉండే అవకాశం సగం, అసలు లోపమే అందని అవకాశం మరో నాలుగో వంతు. మొదటి బాబుకు వచ్చినందువల్ల రెండోసారి ఈ లెక్క తగ్గదు, పెరగదు. మీ అమ్మగారి మాటలో ప్రేమ ఉంది గానీ అది నిజం కాదు. అమ్మమ్మగారి మాట కూడా సరైనది కాదు. మీ అమ్మ, మీ భర్త ఒకే తల్లి కడుపున పుట్టినవారు. ఆ ఇంట్లో తరాల నుంచి వస్తున్న ఒకే లోపం మీ అమ్మ ద్వారా మీకు, నేరుగా మీ భర్తకు వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. ఇందులో ఎవరి తప్పూ లేదు, మరీ ముఖ్యంగా మీది లేదు.

మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి, బావామరదళ్లకు ఎనిమిదో వంతు. బయటి సంబంధాల్లో పుట్టుకతో పెద్ద లోపం ఉండే అవకాశం నూటికి రెండు మూడు ఉంటే, బావామరదళ్ల సంతానంలో అది దాదాపు రెట్టింపు అవుతుంది, మేనమామ సంబంధంలో ఇంకా పెరుగుతుంది. ఎక్కువమందికి ఆరోగ్యవంతమైన పిల్లలే పుడతారన్నది ఎంత నిజమో, వచ్చిన లోపం మళ్ళీ రావచ్చన్నది అంతే నిజం. భూములు, బంధుత్వాలు కలిసుండాలని మన పల్లెల్లో మేనరికాలు ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. చేయాలనుకునేవారు పెళ్లికి ముందు ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్షయినా చేయించాలని నేను చేతులు జోడించి అడుగుతున్నాను. మీ తమ్ముళ్లు, చెల్లెళ్లకు, మీ భర్త అన్నదమ్ముల పిల్లలకు కూడా ఇప్పుడు ఆ పరీక్ష అవసరం.

మీరు ఈ వారంలోనే బాబు కాగితాలన్నీ తీసుకుని హైదరాబాద్‌లో జన్యు పరీక్షల విభాగం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. ముందు మీ ఇద్దరి రక్తం నుంచి, బాబు రక్తం నుంచి ఆ లోపం జన్యువులో సరిగ్గా ఎక్కడుందో గుర్తించాలి, దానికే కొన్ని రోజులు పడుతుంది. ఆ తర్వాత 11 నుంచి 14 వారాల మధ్య మావి నుంచి సన్నని సూదితో చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చెబుతారు. ఆ గడువు దాటితే 16 వారాల తర్వాత ఉమ్మనీటిని పరీక్షిస్తారు. ఈ పరీక్షల వల్ల గర్భం పోయే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. టిఫా స్కాన్ కోసం ఆగుదామని ఎవరైనా అంటే వినకండి, స్కాన్‌లో బిడ్డ ఆకారం తెలుస్తుంది గానీ రక్తంలోని ఈ లోపం తెలియదు. జబ్బు ఉందని తేలితే ఏం చేయాలన్నది మీ ఇద్దరి నిర్ణయం. 2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయంతో గర్భం తీయించుకోవచ్చు, ఆ తర్వాత నిబంధనలు కఠినమవుతాయి. ఉంచుకోవాలనుకున్నా, పుట్టిన నాటి నుంచే వైద్యానికి సిద్ధంగా ఉండటానికి ఈ పరీక్ష పనికొస్తుంది.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. నా భార్య పెళ్లికి ముందు నుంచీ పొద్దూకితే కల్లు తాగుతుంది, తల్లిగారింట్లో అందరికీ అలవాటే, ఒంటికి సలువ అంటారు. ఇద్దరం పుణెకు కూలికి పోయినప్పుడు కల్లు దొరక్క రెండో రోజుకే చేతులు వణికి, నిద్ర లేక, లేనివి ఉన్నట్టు మాట్లాడింది. భయపడి ఊరికి తీసుకొచ్చాను. ఇప్పుడు నాలుగో నెల. తాగనివ్వాలా, మాన్పించాలా?

జవాబు: మాన్పించాలి, కానీ ఇంట్లో, ఒక్కరోజులో మాన్పించకూడదు. ఈ రెండు మాటలనూ కలిపి గుర్తుపెట్టుకోండి. భార్య గురించి ఇంత శ్రద్ధగా రాసిన మీరు ఆ పని చేయగలరని నా నమ్మకం.

మీరు రాసిన వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం చూస్తే ఆమె తాగుతున్నది ఉత్త చెట్టు కల్లు కాదనిపిస్తోంది. చెట్లు తక్కువై తాగేవారు ఎక్కువైన చోట్ల క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు నీళ్లలో కలిపి కల్లు పేరుతో అమ్ముతున్నారు, వాటి మీద మన జిల్లాల్లో ఎక్సైజ్ కేసులూ నమోదయ్యాయి. వాటికి అలవాటు పడిన ఒళ్లు ఒక్కసారిగా అవి అందకపోతే ఫిట్స్‌కు దారి తీస్తుంది. గర్భిణికి ఫిట్స్ వస్తే ఆ కొద్ది నిమిషాలు బిడ్డకు కూడా ప్రాణవాయువు అందదు. అందుకని రేపే జిల్లా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాన్పుల విభాగంలో, మానసిక వైద్య విభాగంలో ఇద్దరు డాక్టర్లకూ ఏదీ దాచకుండా, రోజుకు ఎన్ని సీసాలు తాగుతుందో సహా చెప్పండి. తూచిన మోతాదులో మాత్ర ఇచ్చి, ఆ మోతాదును వారాల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. వెళ్లేలోపు ఏం చేయాలో తెలియకపోతే 14416 టెలి మానస్ నంబరుకు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనవసరం లేదు.

కల్తీ లేని కల్లయినా గర్భిణికి వద్దు. చెట్టు దిగిన నీరా గంటల్లోనే పులుస్తుంది, పులిసిన ప్రతి కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది. అది మావిని దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది, బిడ్డ కాలేయం దాన్ని వదిలించుకోలేదు. బరువు పెరగకపోవడం, తల చిన్నదిగా ఉండటం, పుట్టాక చదువులో, నడవడిలో వెనకబడటం దాని ఫలితాలు. ఇంత తాగితే ఫరవాలేదు అనే కొలత ఏదీ లేదు. అయితే మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నాలుగో నెలలో మాన్పించినా బిడ్డకు ఎంతో మేలు జరుగుతుంది, ఆలస్యమైందని చేతులు దులుపుకోకండి. సలువకు మజ్జిగ, నిమ్మరసం, రాగి అంబలి ఉన్నాయి.

కాన్పుకు ముందే పిల్లల డాక్టరుకు ఈ సంగతి తెలియాలి. మత్తుమందుకు అలవాటైన తల్లి బిడ్డ పుట్టగానే మెత్తగా వేలాడుతూ, పాలు సరిగా చప్పరించకుండా ఉండవచ్చు. కొన్ని రోజులకు వణుకు, ఆగని కీచు ఏడుపు మొదలు కావచ్చు. ముందే తెలిస్తే ఆసుపత్రిలో ఉంచి గమనిస్తారు. కాన్పయ్యేదాకా ఆమెను మళ్ళీ పనికి వలస తీసుకెళ్లకండి. తప్పనిసరైతే తల్లీబిడ్డల కార్డు వెంట ఉండాలి, ఏ ఊరి దవాఖానలోనైనా ఆ కార్డు చూసే వైద్యం మొదలుపెడతారు.

ప్రశ్న: నకిరేకల్ నుంచి రాస్తున్నాను. ఐదో నెల, రక్తం 8.6 ఉంది. ఐరన్ మాత్ర వేసుకుంటే వాంతి వస్తోంది, విరేచనం నల్లగా అవుతోంది. బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటివారు చెబితే మానేశాను. బలపాలు, పచ్చి బియ్యం తినాలనిపిస్తోంది.

జవాబు: విరేచనం నలుపు ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము రంగు, దానికీ బిడ్డ రంగుకూ సంబంధం లేదు. బిడ్డ రంగు మీ ఇద్దరి నుంచి వచ్చేది. గర్భిణికి రక్తం 11 ఉండాలి, మీకున్నది మధ్యస్థ రక్తహీనత, ఇలాంటప్పుడు సాధారణంగా రోజుకు ఒకటి కాదు, రెండు మాత్రలు ఇస్తారు. బలపాల మీద కోరిక కూడా ఇనుము లోటు చూపించే గుర్తే. పరగడుపున వాంతి అయితే రాత్రి భోజనం చేసిన గంట తర్వాత, నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో వేసుకోండి. చాయ్, కాల్షియం మాత్ర దానికి రెండు గంటల దూరంలో ఉండాలి. నులిపురుగుల మాత్ర వేసుకోకపోతే ఏఎన్ఎం గారిని అడిగి ఒక్కసారి వేసుకోండి. అంగన్‌వాడీలో పెట్టే అన్నం, పప్పు, గుడ్డు, పాలు ఇంటికి తేకుండా అక్కడే తినండి, ఇంటికి తెస్తే అది నలుగురి పాలవుతుంది. నెల తర్వాత రక్తం ఒక గ్రాము కూడా పెరగకపోతే సూది మందు అవసరమవుతుంది.

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర మా ఊరు. మా అమ్మాయికి తొలిచూలు, ఎనిమిదో నెల. కాళ్లవాపు మామూలే అన్నారని ఊరుకున్నాము. మూడు రోజుల నుంచి ముఖం, చేతులు ఉబ్బి, శ్రీమంతానికి వేసిన గాజులు మణికట్టుకు బిగిశాయి. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు అంటోంది. శ్రీమంతం అయింది కదా, వారం ఆగి దవాఖానకు తీసుకెళ్దామా?

జవాబు: ఈ తల్లికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా ఫోన్‌లోనే చెప్పాము. ఇలాంటి లక్షణాలున్న మరే ఇంటివారైనా ఇది చదువుతుంటే, పత్రిక పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

సాయంత్రానికి పాదాల మీద వచ్చి, పొద్దున్నకు తగ్గే వాపు చాలామందికి వచ్చేదే. ముఖం, చేతులు ఉబ్బడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి వేరు. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పడుతుంటే అది గర్భిణికి వచ్చే గుర్రపు వాతానికి ముందు దశ. మావికి రక్తం తగ్గి బిడ్డ ఎదుగుదల ఆగుతుంది, తల్లికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. దీనికి ఇంటి వైద్యం లేదు, ఉప్పు మాన్పించినంత మాత్రాన తగ్గదు. ఆసుపత్రిలో బీపీ తగ్గించే మందు, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. 34 వారాల లోపు కాన్పు చేయవలసి వస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేందుకు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేస్తారు, అవి పని చేయడానికి ఒకటి రెండు రోజులు కావాలి. ఇంట్లో ఆగిన ప్రతి రోజూ ఆ వ్యవధిని తినేస్తుంది. 28 వారాలు దాటిన ఏ గర్భిణి అయినా పడుకుని గమనించినప్పుడు రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే, బీపీ ఉన్నా లేకపోయినా, ఆ రోజే చూపించుకోవాలి.

ఒకసారి ఇలా బీపీ వచ్చిన వారికి మరుసటి గర్భంలోనూ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈ అమ్మాయి తర్వాతి కాన్పు సమయంలో మూడో నెల నిండేలోపే దవాఖానలో పేరు రాయించుకుని ఈ సంగతి చెప్పాలి. 12 వారాల నుంచి రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తే ఈ జబ్బు వచ్చే అవకాశం తగ్గుతుంది. 16 వారాలు దాటాక మొదలుపెడితే అంత ప్రయోజనం ఉండదు.